దుప్పటి చాటు

నవంబరు రెండో ఆదివారం. సన్నగా ముసురు. పొద్దున్నే చర్చికి వెళ్లి బాప్తిస్మపు తొట్టి కడిగి నీళ్లు నింపాను.

సుగుణా, నువ్వు పోయాక ఇదే మొదటి బాప్తిస్మం. తొట్టి పూడ్చేసి, ఇకనుంచి ఊరవతల స్విమ్మింగ్ పూల్‌కు పోదామని పోయిన నెల సంఘం మీటింగులో మన సెక్రటరీ పట్టుబట్టాడు. యాకుత్‌పురా రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చిన మొదటి కుటుంబాలు తమ చేతులతో తవ్వుకున్న తొట్టి అది. సంఘంలో అందరికన్నా పెద్దది, రత్నమ్మత్త ఊరుకుంటుందా?

"పూల్ కాడ తడి చీరెతోని లేస్తే పదిమంది చూడరా? నీ పెండ్లాన్ని గట్ల నిలవెడ్తవా?" అంది.

"సరే అత్తా, మరి ఈడ దుప్పటి పట్టేదెవరు? సుగుణమ్మ లేకపాయె," అన్నాడు.

మన పెళ్లయిన నాటి నుంచీ, నీళ్లలోంచి లేచిన ప్రతి ఆడమనిషికీ చాటుగా దుప్పటి పట్టింది నువ్వే. నీతోనే ఆ తొట్టి కూడా పోతుందని దిగులుపడ్డాను. చివరికి అత్త మాటే నెగ్గింది.

ఇవాళ ఆడవాళ్ల వంతు రాగానే మగవాళ్లం ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పాట అందుకున్నాం. వెనక నీళ్ల చప్పుడు. బాప్తిస్మం పొందిన పిల్ల పైకి రాకుండా మెట్టు దగ్గర ఆగిపోయినట్టుంది.

"సిగ్గెందుకు బిడ్డా? నేనున్న గదా, మెల్లగ రా."

గొంతు సెక్రటరీ భార్య గ్రేసుది. మాట నీది. గ్రేసు బాప్తిస్మం రోజున నువ్వు ఆమెతో అన్నదే.

నేను పాట ఆపేశాను. పక్కనున్న అబ్రహామన్న, "ఏమైందిరా?" అని మోచేత్తో పొడిచాడు.

దుప్పటి ఉతకడానికి ఇంటికి తెచ్చాను. ఉతికి వసారాలో దండెం మీద ఆరేసి, బియ్యం కడిగి ఎసట్లో పోశాను; ఆరాక దుప్పటి గ్రేసుకు ఇచ్చి రావాలి.