నొప్పి బిళ్లల వీధిలో రెండు గదులు

దుస్తుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన నేను, ఒంట్లో ఓపిక తగ్గినా బుద్ధి చెక్కుచెదరని స్థితిలో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది.

1. మా అన్నయ్యకు, అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసిన పెద్దమనిషికి, నా స్థిరచరాస్తుల్లో పూచికపుల్ల కూడా చెందదు. కారణం రాయకపోతే నాకు మతి లేదని కోర్టుకెక్కుతాడు కాబట్టి రాస్తున్నాను.

మా చెల్లెలు అక్కడే మిషను కుట్టేది. వీపు ఆనడానికి లేని స్టూలు మీద రెండు షిఫ్టులు. నడుం పట్టేస్తే సూపర్‌వైజర్లే నొప్పి బిళ్లలు చేతిలో పెట్టేవారు. కొన్నాళ్లకు బిళ్ల పడకపోతే చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. ఆ వణుకు చూసి ఉద్యోగం తీసేశారు. ఆ వారమే గేటు దగ్గర బ్యానరు కట్టి, మత్తు మానండని సభ పెట్టారు. బిళ్లలు పంచిన మా అన్నయ్యే వేదికెక్కి, "మనసు గట్టిగా లేనివాళ్లే వీటికి బానిసలవుతారు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ ఆ గొంతు వింటే అన్నం సహించదు.

2. నా రెండు గదుల ఇల్లు ఈ వీధిలో కుట్టుపని చేసే ఆడవాళ్లందరికీ ఉమ్మడిగా చెందుతుంది. చెల్లెల్ని మళ్లీ మనిషిని చేసింది వాళ్లే. కాజాలు కుట్టే ఆవిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇస్త్రీ ఆవిడ బిళ్లలు తన దగ్గరే పెట్టుకుని, డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తూ ఇచ్చింది. మిగతావాళ్లు వంతులేసుకుని చెల్లెలి పిల్లల్ని చూశారు. సాయంత్రాలు నా ముందుగదిలో కూర్చుని, "నువ్వొక్కదానివేంటే, నేనూ మింగుతున్నా" అంటూ ఒక్కొక్కరే బయటపడ్డారు. చివరికి అందరూ మిషన్లు ఆపేస్తే వీపున్న కుర్చీలొచ్చాయి, రెండో షిఫ్టు బలవంతం పోయింది. ఆ తర్వాత చేరిన అమ్మాయిలకు బిళ్ల అవసరమే రాలేదు.

ఈ ఇంటిని అమ్మకూడదు. ఫ్యాక్టరీ పేరుతో ఇక్కడ ఏ బోర్డూ వేలాడకూడదు.

3. నా ఉన్ని శాలువా కాజాల ఆవిడకు. ఏటా చలికాలంలో అడిగి తీసుకెళ్లి, తిరిగివ్వడానికి తెగ బాధపడేది. ఇక ఇవ్వక్కర్లేదు.

4. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత చెల్లెలిదే. మొన్న అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, "బిళ్లలు మింగినదాని చేతికి తాళాలిస్తావా? బుద్ధుందా నీకు?" అన్నాడు. లోపలున్న చెల్లెలు విన్నది. అప్పుడే షిఫ్టు దిగి ఆడవాళ్లు అతని వెనక వచ్చి నిలబడ్డారు. చెల్లెలు గుమ్మంలోకి వచ్చి, "పక్కకు జరుగు అన్నయ్యా, వాళ్లు లోపలికి రావాలి" అంది.

జరిగాడు.

నేను పోయేదాకా ఆగడమెందుకని తాళాలు ఆ సాయంత్రమే చెల్లెలికిచ్చేశాను.

తేదీ: మార్చి 9, ఆదివారం

సంతకం: క్యాంటీన్ అక్క

సాక్షులు: కాజాలు కుట్టే ఆవిడ, ఇస్త్రీ ఆవిడ