జేగురు పూసిన నేరేడు

ప్రకాశం జిల్లా అద్దంకిలో పుట్టి, సైన్యంలో ఇంజనీర్ల దళం నుంచి సుబేదారుగా రిటైరై, న్యూఢిల్లీలో పాలం దగ్గరి కాలనీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా సొంత ఇల్లున్న చెన్నకేశవులు అనే నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, తెలివీ జ్ఞాపకమూ సవ్యంగా ఉండి, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా చేత్తో నేనే రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవి చెల్లవు. గుండెకు జబ్బుంది గానీ బుద్ధికి లేదని డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. ఇది అమలు జరిపే బాధ్యత నా మిత్రుడు హనుమయ్యది. ఆయన ప్రభుత్వ తోటల్లో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు, మొహమాటం తెలియనివాడు. నాకు అలాంటివాడే కావాలి.

1. ఇల్లు నా భార్య కోటమ్మది, ఆమె బతికున్నంత కాలం. ఆ తరువాత నా కొడుకు హేమసుందర్‌కు, కూతురు కృష్ణకుమారికి చెరిసగం. కోటమ్మ ఉండగా ఇంట్లో మేకు కొట్టాలన్నా ఆమెనడిగే కొట్టాలి. హేమసుందర్ గుర్గావ్ ఆఫీసులో పదిమందికి పనులు పురమాయిస్తాడు. ఆ అలవాటు ఈ గడప బయటే వదలాలి.

2. ముందు వాకిట్లోని వేపచెట్టు మంచిచెడ్డలు కృష్ణకుమారి చూడాలి. గ్రేటర్ నోయిడా నుంచి రెండు బస్సులు మారి వచ్చినా సరే, ఏటా మే నెలలో ఒకసారి రావాలి. ఎండుకొమ్మలు వానలకు ముందే తీయించాలి, వానల్లో చెట్టెక్కించరాదు. పొట్టిగా ఉంటే పడదు కదా అని తల నరికించరాదు. నరికిన చోట కుళ్ళు పడుతుంది, పక్కన మొలిచిన కొమ్మలకు పట్టుండదు. మొదలు చుట్టూ నాలుగడుగుల మన్ను మన్నుగానే ఉండాలి. టైల్సు వద్దు, సిమెంటు వద్దు. అక్కడ నీళ్ళు నిలిస్తే కాలువ తీయాలి. మొదలు దగ్గర పుట్టగొడుగులు కనిపిస్తే ఆ రోజే హనుమయ్యను పిలవాలి. రంగులు అసలే పూయరాదు. కారణం ఆరో అంశంలో రాశాను.

3. పెరట్లో నేరేడు ఉంది. మేం స్థలం కొన్ననాటికే పెద్ద చెట్టు. పక్కింటి దహియా వెనకగది మీదికి వంగి ఉంది. ఆ గదిలో అతని తల్లి ఉంటుంది. పక్షవాతం వచ్చి రెండేళ్ళుగా మంచం దిగలేదు. నేను సరిహద్దులో ఉన్న రోజుల్లో కోటమ్మకు హిందీ నేర్పింది ఆవిడే. ఆవిడ పంపిన మజ్జిగ తాగి నా పిల్లలు పెరిగారు. నేను పోయిన తరువాత, వచ్చే వానాకాలం లోపు ఆ చెట్టును అనుమతి తీసుకుని, పైనుంచి ముక్కలుగా దించి, తీసివేయవలెను. హేమసుందర్ ఇది చదివి ఆశ్చర్యపోతాడు. వాడు మూడేళ్ళుగా తీసేద్దామంటున్నాడు, నేను చచ్చాకే తీయమంటున్నాను.

4. మేస్త్రీలు గోడ నిలువు చూసే ఇత్తడి గుండు, దాని దారం నా మనవరాలు ప్రవల్లికకు. ఏటా జూన్ పదిహేనున ఆ నేరేడుకు పదడుగుల ఎత్తులో ఉన్న మేకుకు గెడతో దారం తగిలించి గుండు దించి, మొదలుకు ఎంత ఎడం వచ్చిందో ఇద్దరం కొలిచేవాళ్ళం. లెక్కలు పెరటిగోడ మీద ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఆ పిల్ల "తాతా, యే తో ఔర్ టేఢా హో గయా" అంది, ఇంకా వంగిపోయిందని. దారం పట్టుకోవడం రాలేదని కసిరాను. ప్రవల్లికా, నువ్వు దారం సరిగ్గానే పట్టుకున్నావు తల్లీ.

5. కొమ్మలు కోసే రంపాలు రెండూ హనుమయ్యకు. నా నిచ్చెన 2001 నుంచి శ్రీరాములు గారింట్లో ఉంది. దాన్ని ఆయనకే రాసిస్తున్నాను. ఇకమీదట నా వాళ్ళు కనబడితే ఆయన సందు మారనక్కరలేదు.

6. హాల్లో గోడగడియారం ఎవరికీ ఇవ్వడం లేదు, పాతసామాన్లవాడికి వేసేయండి. 1999లో కాలనీవాళ్ళు రిపబ్లిక్ డేకి అందంగా ఉన్న ఇంటికి బహుమతి పెట్టారు. కంటోన్మెంటులో చెట్టంటే ఎలా ఉండాలో పెరటి నేరేడును అలా చేశాను. చుట్టూ గుండ్రంగా సిమెంటు గట్టు, మొదలుకు కింద జేగురు, పైన సున్నం. తనిఖీకొచ్చే ఆఫీసరు మెచ్చుకునేట్టు. గుండ్రం కుదరకుండా రెండు వేర్లు అడ్డొచ్చాయి. ఒక్కొక్కటి నా తొడంత లావు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గొడ్డలితో నరికి, పైన సిమెంటు పోశాను. అవి వంపుకు ఎదురువైపు వేర్లు, చెట్టును పట్టి నిలిపేవి. ఇంజనీర్ల దళంలో ఇరవై ఎనిమిదేళ్ళు వంతెనలు కట్టినవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. గుండ్రం కుదరాలనుకున్నాను, అంతే. బహుమతిగా ఈ గడియారం వచ్చింది.

కోటమ్మ అప్పుడే అంది, "ఏమండీ, మొదలంతా కప్పేస్తే దానికి నీళ్ళెట్టా దిగుతయ్యి?" అని. నువ్వు వంట చూసుకోమన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా. ఏటా రెండుసార్లు నేను పూసిన జేగురు కింద బెరడు మెత్తబడిపోయింది. వేలు పెడితే దిగుతోంది. రంగు బాగుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

7. 2005లో దహియా చెట్టు మీద ఫిర్యాదు చేశాడు. అటవీశాఖ అధికారి వచ్చి వేర్లేమైనా నరికారా అని అడిగాడు. లేదని రాసి సంతకం పెట్టాను. మాజీ సైనికుడి మాట గనక నమ్మాడు. ఫిర్యాదు కొట్టేశారు. పైగా స్థలం మీద కన్నేసి ఈ గొడవ తెచ్చాడని దహియాను నలుగురిలో తిట్టాను. ఆనాటి నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. ఆ సంతకం అబద్ధం. తిట్టిన తిట్లూ అబద్ధమే.

8. ఇంతవరకు నిన్న రాశాను. నాలుగు రోజులుగా వాన వదలలేదు. ఈ పొద్దున గొడుగేసుకుని గుండు దించాను. జూన్‌లో ఎనిమిది అంగుళాలున్న ఎడం ఇప్పుడు పదకొండు. ఇటువైపు సిమెంటు గట్టు లేచి, కింద చెయ్యి పట్టేంత సందు పడింది. గాలి వచ్చినప్పుడల్లా ఆ సందు తెరుచుకుని మూసుకుంటోంది. నాకు భయంగా ఉంది. యుద్ధంలో కూడా ఇంత భయపడలేదు, అప్పుడు పోయేది నా ప్రాణం.

కనుక మూడో అంశంలో "నేను పోయిన తరువాత, వచ్చే వానాకాలం లోపు" అన్న మాటలు కొట్టివేస్తున్నాను. వీలునామా మనిషి పోయాక చదివే కాగితం. చెట్టు అంతవరకు ఆగదు. నేను వేర్లు నరికానన్న నిజం వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. రేపు ఆఫీసు తెరవగానే హనుమయ్య దాన్ని అధికారికిచ్చి అనుమతి తేవాలి. నా మీద కేసు పెడితే పెట్టనీ. అంతవరకు పెరట్లోకి ఎవరూ పోరాదు, చెట్టెక్కరాదు.

9. దహియా ఎదురుగా నిలబడి ఇది చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని సాక్షిగా రమ్మని హనుమయ్య చేత కబురు పెట్టాను. వస్తే మొత్తం హిందీలో చదివి వినిపించమన్నాను. రాకపోతే, వాన ఎలా ఉన్నా, నేనే వెళ్ళి అతని తలుపు కొడతాను.

2008 జూలై 27, ఆదివారం, పాలం.

(సంతకం) చెన్నకేశవులు, సుబేదార్, రిటైర్డ్

సాక్షులు:

1. మాణిక్యం, రిటైర్డ్ హవల్దార్, ఇదే కాలనీ. నా ఎదుట సంతకం చేశారు.

2. ఓంప్రకాశ్ దహియా, పక్కిల్లు. (హిందీలో రాసినదానికి హనుమయ్య తెలుగు) సుబేదార్ సాబ్ రాసింది చదివి వినిపించగా విన్నాను. ఎనిమిదో అంశం దగ్గర ఆపమని ఇంటికి వెళ్ళాను. అమ్మ మంచం ముందుగదిలోకి మార్చాం. తిరిగి వచ్చి మిగతాది విని, ఆయన సంతకం చేయడం చూసి, నేనూ చేస్తున్నాను.