మల్లేశానికి ఐదు రోజుల నిషేధం

కమ్మింగ్, అమెరికా,
మంగళవారం.

అక్కయ్యకు తమ్ముడు పురుషోత్తం నమస్కరించి రాస్తున్న సంగతులు.

నువ్వూ బావగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కడం తగ్గించమన్నానని చెప్పు. ఇక్కడ మేమిద్దరం వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. నా షుగరు అదుపులోనే ఉంది. సరళకు ఇక్కడి నీళ్లు బాగానే పడ్డాయి, కాస్త ఒళ్లు కూడా చేసింది. మా గురించి బెంగ పెట్టుకోకు. "అందరం క్షేమం" అని రాసే చోట మాత్రం కలం ఆగిపోయింది.

ఆదివారం ఫోన్‌లో "ఏంట్రా, గొంతు అలా ఉంది?" అని అడిగావు. జలుబన్నాను. అబద్ధం. సరళ ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కనే కూర్చుంటుంది కదా. ఆమెకు కూడా చెప్పని సంగతి ఇది. అందుకే ఎన్నో ఏళ్ల తర్వాత నీకు కాగితం మీద రాస్తున్నాను. చేరేసరికి పది పన్నెండు రోజులు పడుతుంది. పట్టనీ.

కొట్లో పని ఎలా ఉందని ప్రతిసారీ అడుగుతావు. ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు మాస్టారుగా పిల్లల చేత కవాతు చేయించినవాణ్ణి, ఇప్పుడు బావమరిది కిరాణా కొట్లో దొండకాయల చేత, బెండకాయల చేత చేయిస్తున్నాను. ముదురువి ముందుకు, లేతవి వెనక్కి. ఇది నీ మరదలి తమ్ముడు నేర్పిన విద్య. ఎండ మన ఒంగోలు ఎండలాగే మాడుస్తుంది గానీ సాయంత్రమయ్యేసరికి ఉరిమి వాన పడుతుంది. తిండికి లోటు లేదు. లోటల్లా మనుషులకే. కారు నడపడం రానివాడికి ఈ ఊళ్లో కాళ్లు లేనట్టే. బావమరిది పొద్దున్నే అల్ఫారెట్టాలో ఉన్న రెండో కొట్టుకు వెళ్లిపోతాడు. నన్ను రోజూ దించేవాడు మల్లేశం.

మల్లేశానిది కరీంనగర్. నలభై ఆరేళ్లు ఉంటాయి. మా వెనక అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉంటాడు, ఇంట్లోంచే కంప్యూటర్ పని. భార్య లత, ఇంటర్ చదివే కూతురు కరీంనగర్‌లోనే ఉన్నారు. వచ్చిన రెండో వారంలో నేను చెమటలు కక్కుకుంటూ రోడ్డు పక్కన నడిచి పోతుంటే కారు ఆపాడు. "ఈడ నడిచేటోన్ని జూస్తే పోలీసోళ్లే ఆపి అడుగుతరు సార్. ఎక్కుండ్రి" అన్నాడు. అప్పట్నుంచి ఎనిమిది నెలలు, ఒక్క రోజు కూడా విసుక్కోకుండా తీసుకెళ్లాడు. మా ఇద్దరికీ ఉన్న రోగం ఒకటే, టెస్టు క్రికెట్.

కొట్లో ఒక మూల టీ కౌంటరు, దాని పైన టీవీ ఉన్నాయి. శనివారం పొద్దున అక్కడ నలుగురం చేరతాం. నేనూ మల్లేశమూ కాక ఒకరు రాఘవరావు డాక్టరు గారు. ఆయన వచ్చి యాభై ఏళ్లయింది, రిటైరై పేపరు చదువుకుంటున్నారు. ఇంకొకడు శ్రీను, గుంటూరు వాడు, సాఫ్ట్‌వేరు. నేను డ్రిల్లు మాస్టారినని తెలియగానే నన్ను అంపైర్‌ని చేసేశారు. వాదన ముదిరితే నేను వేలెత్తుతాను, ఎవరి మీద ఎత్తితే వాళ్లు ఆ పూట నోరు మూసుకోవాలి. పోయిన అధికారం మళ్లీ చేతికొచ్చినట్టు తెగ సంబరపడ్డాను, అక్కయ్యా. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

ఇంగ్లండులో మన జట్టు ఆట నువ్వూ చూస్తూనే ఉన్నావు. మొదటి టెస్టులో చేతికొచ్చింది వదిలేసుకున్నారు. రెండో టెస్టుకు ముందు శనివారం మా టీ బల్ల దగ్గర పెద్ద రభసే అయింది. మల్లేశం బల్ల గుద్ది మొదలుపెట్టాడు.

"టెస్టంటె ఐదు దినాలు నిలబడాలె. గీ కోచ్‌కి ఇరవై ఓవర్ల ఆట తప్ప ఇంకోటి ఎర్కలేదు. స్పిన్నర్‌ని కూసోబెట్టి ఇంకో బ్యాట్స్‌మన్‌ని తీస్కుంటడట. ఇరవై వికెట్లు ఎవడు తియ్యాలె, వాళ్లయ్య తీస్తడా?"

"టీమ్ ట్రాన్సిషన్‌లో ఉందన్నా" అన్నాడు శ్రీను. "కుర్రాళ్లు సెటిల్ అవ్వాలి, కోచ్‌కి టైమ్ ఇవ్వాలి. ఒక్క మ్యాచ్ పోగానే తీసేయమంటే ఎట్టా?"

డాక్టరు గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "మా రోజుల్లో డ్రా చేసుకోవడం కూడా ఒక విద్యేనయ్యా. ఇప్పుడెవరికీ అది రాదు" అన్నారు. నేను నా పాట పాడాను. స్లిప్పులో క్యాచ్‌లు జారిపోతున్నాయంటే కోచ్ తప్పు కాదు, పొద్దున్నే వంద క్యాచ్‌లు పట్టించే మాస్టారు లేకపోవడం తప్పు అన్నాను.

అంతవరకూ బాగానే ఉంది. మల్లేశం ఊరుకోకుండా, "రాసి పెట్టుకోండ్రి, ఈ టెస్టు నాలుగో దినమే అయిపోతది" అన్నాడు. శ్రీనుకు ఒళ్లు మండింది. మొదటి టెస్టులో ఓపెనర్లు తొలి గంటలో పోతారని మల్లేశం అంటే పోయారు, ఓడిపోతారంటే ఓడిపోయారు. "నీ నాలుక మీద మచ్చ ఉందన్నా. నువ్వు అసలు మనోళ్లు గెలవాలని కోరుకోవు" అనేశాడు. మల్లేశం మొహం నల్లబడింది. ఇద్దరూ కుర్చీల్లోంచి లేచారు.

నేను వేలెత్తాను. ఎవరి మీదో తెలుసు కదా. గురువారం మొదటి బంతి నుంచి సోమవారం ఆట ముగిసేదాకా మల్లేశం నోరు విప్పకూడదు, కొట్టుకు రాకూడదు, మాలో ఎవరికీ ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు అని తీర్పు చెప్పాను. నన్ను కొట్లో దించే పని ఆ ఐదు రోజులూ శ్రీనుది. నాలుక మీద మచ్చ కొట్టుకు దూరంగా ఉంటే జట్టుకు మంచిదని నేనూ నవ్వాను. గొడవ చల్లార్చడానికే చేశాను, నిజం. చేస్తున్నప్పుడు బాగుందన్నది కూడా నిజమే.

మల్లేశం కోపం మరిచి నవ్వేశాడు. "గింతేనా మాస్టారూ? నేను నోరు మూస్కుంటే గెలుస్తరంటె జిందగీ మొత్తం మూస్కుంట."

వాడి నోటి నుంచి నేను విన్న చివరి మాటల్లో ఇది ఒకటి.

ఇంగ్లండులో ఆట మాకు పొద్దున ఆరింటికి మొదలవుతుంది. మొదటి రెండు రోజులూ మనవాళ్లు మల్లేశం చెప్పినట్టే ఆడారు. మూడో రోజు గాలి తిరిగింది. నాలుగో రోజు ఆదివారం, రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు పడ్డాక మన కీపరు ఒక బౌలర్‌ని తోడు పెట్టుకుని నిలబడ్డాడు. కొట్లో జనం లేరు. నేనూ శ్రీనూ టీ కౌంటరు దగ్గర కదలకుండా నిలబడి చూస్తున్నాం. లేచి నిలబడ్డప్పుడు జంట కుదిరింది కాబట్టి కూర్చోకూడదని శ్రీను ఒట్టు పెట్టాడు. కాళ్లు పీకుతున్నా నిలబడ్డాను. ఈ వయసులో నాకిదేం పిచ్చో చూడు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో నా ఫోన్ మోగింది. మల్లేశం.

"ఎత్తకండి మాస్టారూ, ఎత్తితే వికెట్ పడుద్ది!" అని శ్రీను అరిచాడు. కట్ చేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాను. మూడోసారి మోగితే, "సోమవారం దాకా నోరు మూసుకో. అంపైర్ నిర్ణయం" అని మెసేజ్ పెట్టి, ఫోన్ దొండకాయల బుట్టలో పడేశాను. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ జంట టీ విరామం దాకా ఆడింది. మల్లేశం నోరు మూసుకుంటే ఎంత బలమో అని శ్రీను వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు.

సోమవారం మనం గెలిచాం. నా డ్యూటీ అయ్యాక ఒక మైసూర్‌పాక్ పెట్టె తీసుకుని, నిషేధం ఎత్తేద్దామని శ్రీనూ నేనూ మల్లేశం ఇంటికి వెళ్లాం. మధ్యాహ్నం రెండు దాటింది. కారు కిందే ఉంది. తలుపు కొట్టాం, పలకలేదు. అలిగాడనుకుని బయట నుంచి స్కోరు చదివి వినిపించాను. అప్పుడు లోపల నుంచి ఒక శబ్దం వచ్చింది. మూలుగు కూడా కాదు, అక్కయ్యా. అదేమిటో నాకు రాయడం రాదు.

అపార్ట్‌మెంట్ వాళ్లు తాళం తీశారు. మంచానికీ గోడకూ మధ్య నేల మీద పడి ఉన్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పడిపోయింది. ఫోన్ ఎడమ చేతి దగ్గర ఉంది.

పక్షవాతం. బీపీ మాత్రలు సరిగ్గా వేసుకోడని డాక్టరు గారు ముందే తిడుతూ ఉండేవారు. ఆసుపత్రిలో అన్ని కాగితాలూ చూసి ఆయన నాతో అన్నారు: "మొదటి మూడు నాలుగు గంటల్లో తెచ్చి ఉంటే దీనికి ఒక ఇంజెక్షన్ ఉంది మాస్టారూ. మాట దక్కేదేమో. పాపం, ఎవరూ లేకపోయె." నేను తలూపాను. ఆదివారం తొమ్మిదిన్నర నుంచి సోమవారం రెండున్నర దాకా ఎన్ని గంటలో ఆయన ఎదుటే మనసులో లెక్కపెట్టుకున్నాను.

ఇక్కడ ఆపదలో పిలిచే 911 నంబరుకి ఎందుకు చేయలేదని అందరూ అడిగారు. నోట మాట రాకపోతే వాళ్లకు ఏం చెప్తాడు? నేనైతే మాట వినపడకపోయినా పరుగెత్తుకొస్తానని అనుకుని ఉంటాడు. రోజూ కారులో నా పక్కన కూర్చున్నవాడు కదా, అలాగే అనుకుంటాడు.

ఇది జరిగి మూడు వారాలైంది. ఇప్పుడు మల్లేశాన్ని వేరే వార్డులో పెట్టి చెయ్యీ కాలూ ఆడిస్తున్నారు. మనం అనేది అంతా తెలుస్తుంది, మాట మాత్రం రాదు. శ్రీను దించితే నేను రోజూ వెళ్తున్నాను. సరళ జావ కాచి ఇస్తుంది. నాకు స్నేహితుడంటే ఎంత ప్రేమో అని మురిసిపోతుంది. అది విన్నప్పుడల్లా నేల చీలితే బాగుండుననిపిస్తుంది.

పదిరోజుల కిందట లత కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది. "అన్నా, పడిపోయినప్పుడు ఆయన ఎవ్వలికన్న ఫోన్ జేసిండా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

"అట్లనా. మీరు పోయి చూడకుంటె ఆయన దక్కకపోతుండె అన్నా. మీ కాళ్లు మొక్కుత" అంది.

మర్నాడు శ్రీనుకు చెప్పాను. వాడు, "ఇప్పుడు చెప్పి ఏం లాభం మాస్టారూ? ఆమె బాధ డబుల్ అవుద్ది, అంతే" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఆపైన, "ఆయన ఫోన్ మన దగ్గరే ఉంది కదా. బొటనవేలు పెడితే ఓపెన్ అవుద్ది. ఆ కాల్స్, మీ మెసేజ్ డిలీట్ చేసేద్దాం" అన్నాడు.

నేను ఛీ అనలేదు. ఇదే నీకు చెప్పాల్సింది. ఛీ అనకుండా ఆ ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, పోయిన శుక్రవారం ఆసుపత్రికి వెళ్లాను. మల్లేశం మేలుకునే ఉన్నాడు. పడిపోయిన ఆ కుడి చెయ్యి పట్టుకున్నాను. చేతికి మర్దనా చేస్తున్నట్టు నటిస్తూ బొటనవేలు ఫోన్ మీద ఆనించాను. తెరుచుకుంది. నా మెసేజే పైన ఉంది. నోరు మూసుకో అన్న మాట ఎంత పెద్ద అక్షరాలుగా కనబడిందో.

తలెత్తితే వాడు నన్నే చూస్తున్నాడు. నేనేం చేయబోతున్నానో వాడికి తెలిసింది. తిట్టడానికి మాట లేదు, లాక్కోవడానికి ఆ చేతిలో బలం లేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను ఏదీ చెరపలేదు. ఫోన్ వాడి తలగడ పక్కన పెట్టి, మంచం పట్టుకుని నిలబడి ఏడ్చాను. నర్సు నన్ను ఓదార్చి నీళ్లిచ్చింది. పిల్లలు తప్పు చేస్తే ఎండలో నిలబెట్టేవాణ్ణి. నన్ను నిలబెట్టేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

లతకు వీసా వచ్చింది. ఎల్లుండి గురువారం దిగుతుంది. నేనూ సరళా బావమరిది కారులో అట్లాంటా ఎయిర్‌పోర్టుకు వెళ్లి తీసుకురావాలి. ఆ ఫోన్‌లో చూసి తెలుసుకోకముందే నా నోటితో చెప్పాలని అనుకున్నాను. కారులో వద్దు, ఆసుపత్రి గుమ్మం దగ్గర వద్దు. ముందు మొగుణ్ణి చూసుకోనీ, ఆ సాయంత్రమే చెప్తాను. సరళకు రేపే చెప్తాను. ఆమె అన్నం పెట్టకపోయినా ఫర్వాలేదు.

గట్టిగా అనుకున్నాను గానీ, అక్కయ్యా, నాకు నా మీద నమ్మకం లేదు. లత "అన్నా" అని పిలిస్తే నేను జారిపోయే రకం. ఒకసారి "లేదమ్మా" అన్న నోరు రెండోసారి కూడా అంటుంది.

సరళ రెండు కాటన్ నైటీలు పంపమంది, ఇక్కడివి ఒంటికి అంటుకుంటున్నాయట. తొందరేం లేదు. బావగారికి, మేడ మీద పిన్నిగారికి నా నమస్కారాలు. పిల్లలకు దీవెనలు. ఈ ఉత్తరం బావగారికి చూపించాలో వద్దో నీ ఇష్టం.

నీ ఆశీస్సులు అడగను. ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఉత్తరం చేరేసరికి ఆ గురువారం దాటిపోయి ఉంటుంది. చదవగానే ఫోన్ చెయ్యి. స్పీకర్‌లో ఉన్నా సరే, సరళ పక్కనున్నా సరే, మొదటి మాటగా "చెప్పావా?" అని అడుగు. నేను మాట మారిస్తే మళ్లీ అడుగు.

నీ తమ్ముడు,
పురుషోత్తం