సామ్రాజ్యం నాడెకు పరీక్ష

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారి సముఖమునకు,
వేటపాలెం మగ్గాల వీధి నివాసి, చేనేత కార్మికుడు దామర్ల చలమయ్య వ్రాసి సమర్పించుకొను అర్జీ.

విషయం: మగ్గపు చెక్క నాడె ఒకటి వైరస్ పరీక్షకు పంపుట గురించి.

అయ్యా,

1. నా భార్య సామ్రాజ్యం, వయసు నలభై ఆరు, కడుపులో క్యాన్సరుతో మొన్న ఫాల్గుణంలో కాలం చేసినది. కారం తిని తిని కడుపు పుండు చేసుకున్నదని మా వీధి వారు తీర్మానించినారు. ఆవిడ పెరుగన్నంలోకి ఊరగాయ ముక్కను కూడా కడుక్కుని తినేది. ఈ సంగతి రికార్డులో ఉండవలెను.

2. గుంటూరులో ముక్క పరీక్ష చేయించిన డాక్టరమ్మ గారు కణితిలో ఒక వైరస్ కనిపించినదని సెలవిచ్చినారు. అది ఎంగిలి ద్వారా అంటునట. చిన్నతనం నుంచీ దాదాపు అందరి ఒంట్లో ఉండి, ఎక్కువమందిని ఏమీ చేయదట. ఎవరి నుంచి వచ్చినదో, క్యాన్సరు దానివల్లనే వచ్చినదో గట్టిగా చెప్పలేమన్నారు. అంతా విన్నాను. ఎంగిలి అన్న మాట ఒక్కటే బుర్రలోంచి పోవడం లేదు.

3. పడుగులో అటూ ఇటూ పోగును నడిపే నాడెలో, నూలు చుట్టిన కొత్త కండె పెట్టిన ప్రతిసారీ పోగు చివరను నాడె కంట్లోంచి బయటికి తీయవలెను. వేలు పట్టదు. నోరు పెట్టి పీల్చవలెను. మా ఇంట మగ్గం ఒకటే, నాడె ఒకటే. పొద్దున నేను, మధ్యాహ్నం ఆవిడ, ఇరవై నాలుగేళ్లు. మా ఇద్దరివి తప్ప మూడో నోరు ఆ నాడెకు తగలలేదని ప్రమాణపూర్వకముగా తెలియజేయడమైనది.

4. సదరు నాడెను చీరాలలో ఒక ల్యాబుకు తీసుకుపోయాను. రక్తమో మూత్రమో ఇవ్వండి తాతగారూ, చెక్కకు చేయం అని అక్కడి అమ్మాయి నవ్వినది. నాకు నవ్వు రాలేదు.

5. చివరి రోజుల్లో ఆవిడకు గుక్కెడు నీళ్లు దిగేవి కావు. ఒకనాడు మగ్గం వైపు చూసి, "మధ్యాహ్నం పూట మగ్గం ఊరికే ఉంటదేమోనండీ" అన్నది. ఇప్పుడు పోగు పీలిస్తే ఆవిడ బుగ్గన పెట్టుకునే లవంగం వాసన వస్తున్నది. ఐదు నెలలైనది, రాకూడదు కదా అయ్యా. నాకు భయం వేస్తున్నది. నేత ఆపేసినాను. మా అమ్మాయి భానుశ్రీకి నా ఎంగిలి తగలకుండా కంచం, గ్లాసు వేరు చేసుకుని వసారాలో తింటున్నాను. పిల్ల ఏడుస్తున్నది. ఏడిస్తే ఏడవనీ, బతికి ఉంటే చాలు.

కావున నాడెను పరీక్షింపజేసి, నా భార్య ప్రాణం తీసినది నా నోరా, కాదా అన్న ఒక్క ముక్క వ్రాతపూర్వకముగా దయచేయించుటకు చిత్తగించవలెను. అవునన్నా నాకు అభ్యంతరం లేదు.

తమ విధేయుడు,
(సం.) దామర్ల చలమయ్య

తా.క.: అయ్యా, నాన్నకు అక్షరాలు ఆనవు. ఆయన చెబుతుంటే ఇదంతా రాసింది నేను, భానుశ్రీని. ఈ నాలుగు ముక్కలూ సంతకం అయ్యాక రాస్తున్నాను. మూడో అంశంలో చివరి మాట నిజం కాదు. నేను మగ్గం జోలికి పోకూడదు, చదువుకోవాలని నాన్న పంతం. ఆయన చీరలు ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడల్లా అమ్మ నన్ను మగ్గంలో కూర్చోబెట్టేది. తొమ్మిదో ఏటి నుంచి ఆ నాడెను నేనూ పీల్చాను. ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదని నాకు తెలుసు. మీరూ అదే రాస్తే నాన్న నమ్మడు, ఇంకో ఆఫీసుకు అర్జీ పెడతాడు. ఎవరిదో ఒకరి పేరు రాయక తప్పదనుకుంటే నా పేరు రాయండి. నన్నయితే నాన్న క్షమిస్తాడు.