గుమ్మడికాయ మీద మొదటి దెబ్బ

1938, మాఘమాసం, ఆదివారం రాత్రి
రాజంపేట తోట ఇల్లు

నిన్నంతా వంకాయలు, నిమ్మకాయలు కోయడంతోనే సరిపోయింది. ఈరోజు వడియాలకని బూడిదగుమ్మడికాయలు దించాము. ఆడవాళ్ళు వాటిని పగలగొట్టకూడదు. ఏటా మొదటి దెబ్బ మావారే వేసేవారు.

"అయ్య శ్రీశైలం నుంచి ఎప్పుడొస్తాడమ్మా? ఈ ఏడాది కాయలకు ఆయుష్షు పెరిగినట్టుండాదే!" అని తోటమాలి పెండ్లాం ఓబుళమ్మ నవ్వింది.

ఇన్నాళ్ళూ యాత్రకు వెళ్ళారనే అందరికీ చెబుతూ వచ్చాను. ఈరోజు అబద్ధం నోటికి రాలేదు.

"ఇంక రారు ఓబుళమ్మా. సన్యాసం తీసుకున్నారు."

"అయ్యో! పెండ్లాం ఒప్పుకోకుంటే ఇయ్యరంట గదమ్మా?"

నేను తల వంచుకున్నాను. ఆమె కాయ కొట్టడానికి మొగుణ్ణి పిలిచింది. అతను కత్తి ఎత్తగానే, ఉప్పు తెస్తానని లోపలికి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మల్లికార్జునుడి మీద అలగడానికి నాకేం హక్కుంది? కార్తీకంలో, సన్యాసమిచ్చే ముందు మఠం స్వామివారు "నీకు సమ్మతమేనా తల్లీ?" అని అడిగితే, సమ్మతమేనని నా నోటితో నేనే అన్నాను. ఆ మాట వినగానే మావారి ముఖం ఎంత వెలిగిపోయిందో! మా పెండ్లినాడు కూడా ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.