పదికి మూడు

9-2-2025, ఆదివారం

మా రేవు వాట్సాప్ గ్రూపులో ఆదివారాలు డీపీ ఆట. ఒకరి డీపీకి అందరూ పదికి మార్కులు వేయాలి. ఆ తర్వాతే ఆ ఫోటో ఎందుకు పెట్టుకున్నారో వాళ్లు చెప్పాలి. కువైట్‌లో ఉన్న ప్రకాష్ పెట్టిన రూలు. వాడే అడ్మిన్.

ఇవాళ గంగయ్యది. కొత్త చెక్క పడవ. అందరూ తొమ్మిదీ పదీ వేశారు. నేను గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయను. ప్రకాష్ వదల్లేదు. నలభై ఏళ్లు పడవలు కట్టిన మేస్త్రిగారు ఊరికే చూసి పోతే ఎలాగండీ, ఓ మార్కు పడెయ్యండి బాబూ అని వాయిస్ పెట్టాడు.

పడవ ముక్కు దగ్గర నల్లటి గీత కనబడింది. అతుకు విడింది అనుకున్నాను. మూడు వేశాను. నీళ్లు తాగుద్ది అని కూడా రాశాను.

సాయంత్రం 5

గంగయ్య కూతురు వీరలక్ష్మి జవాబు రాసింది. పక్షవాతం వచ్చాక నాన్న ఎడం చేత్తో కట్టిన మొదటి పడవండి, వేటకెళ్లే సుభాష్ గారు అడిగితే ఆయన కోసం కట్టేరండి అని.

గంగయ్యకు ఉలి పట్టడం నేర్పింది నేను. పద్దెనిమిదేళ్లు నా దగ్గరే చేశాడు.

డిలీట్ చేశాను. అప్పటికే అందరూ చదివేశారు.

11-2-2025

సుభాష్ పడవ వద్దన్నాడు. మేస్త్రిగారే అలా అన్నాక, పిల్లలు గలవాణ్ణి, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి దాంట్లో ఎలా వెళ్తానండీ అన్నాడట. ఫైబర్ పడవ కొనుక్కుంటున్నాడు.

12-2-2025

గంగయ్య ఇంటికి వెళదామని చొక్కా వేసుకున్నాను. విప్పేశాను.

14-2-2025

వెళ్లాను. గంగయ్య కుర్చీ వేశాడు. నా మొహం చూడలేదు.

పడవ పెరట్లో బోర్లించి ఉంది. ముక్కు దగ్గర అతుకు తడిమాను. గోరు కూడా దూరలేదు. నేను కూడా అంత బాగా కుదర్చలేను. పైన బట్టలారేసే తాడు ఉంది. ఫోటోలో గీత దాని నీడ.

చెయ్యి పెట్టకుండా పడవకి వంక చెప్పినందుకు ఒకప్పుడు గంగయ్యను కొట్టాను.

వీరలక్ష్మి మజ్జిగ ఇచ్చింది. ఫోను చేసి ఒక్క ముక్క అడగొచ్చు కదండీ అంది. నాన్న ఆవేళ నుంచి ఉలి ముట్టుకోలేదండి, నా చెయ్యి చెడింది గానీ ఆయన కన్ను చెడదు అంటున్నారండి అంది.

అతుకు బాగుందిరా, పొరపాటు నాదే అన్నాను. ఆయ్, మీరు జాలిపడుతున్నారండీ అన్నాడు గంగయ్య.

16-2-2025, ఆదివారం

గ్రూపులో రాశాను. అది నీడ, తప్పు నాది, పదికి పది అని. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. మేస్త్రిగారి మనసు వెన్నండీ అన్నాడు ప్రకాష్. ఒక్కరూ నమ్మలేదు.

గంగయ్య డీపీ తీసేశాడు. గుండ్రంలో బూడిదరంగు తల ఒకటి ఉంది.

19-2-2025

వీరలక్ష్మి మనుషుల్ని పిలిపించింది. పడవ నీట్లోకి దింపించాం. గంగయ్య గట్టున అటు తిరిగి నిలబడ్డాడు. నేనొక్కణ్ణే ఎక్కి అవతలి రేవుకి వెళ్లి వచ్చాను.

పాదాలు తడవలేదు. చూపిద్దామంటే గంగయ్య గట్టున లేడు.