వెనక టైరు మీద చెయ్యి

అన్నా,

నీ బండి ఇవాళ మళ్లీ రోడ్డెక్కింది. పత్తి ఏరే రోజులు, మన చేనేమో ఇచ్చోడ ఊరికి అవతల. బండి లేక పని సాగడం లేదు.

ఇంజను ఊపిరి వదిలే గొట్టంలోంచి కారిన ఆయిలే కదా, వెనక టైరు మీద పడి ఆ మలుపులో నిన్ను జార్చి మాకు దూరం చేసింది. పొద్దున మెకానిక్ ఇంటికొచ్చి ఆ గొట్టాన్ని పక్కకు తిప్పి, ఓ చిన్న డబ్బాలోకి పెట్టాడు. వదిన వెంటనే డబ్బా మూత బిగించి, మీద గుడ్డ కూడా చుట్టింది.

"ఒక్క చుక్క సుత బయటికి రావద్దు."

"అట్ల మూస్తే ఇంజనుకు ఊపిరాడదక్కా. ఆయిల్ ఇంకో దిక్కుకెంచి తన్నుకొస్తది" అంటూ మెకానిక్ మూతకు తూటు పొడిచాడు.

వదిన గుడ్డ విప్పింది.

"జర పైలంగ పో" అంది నాతో.

మలుపు రాకముందే ఆగి, వెనక టైరు మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగానే ఉంది. రెండోసారి తడిమినా పొడిగానే ఉంది. అయినా మళ్లీ ఎక్కలేకపోయాను. ఇంజను ఆపేసి, బండిని తోసుకుంటూ మలుపు దాటాను.

ఎదురొచ్చిన ముసలాయన అడిగాడు, "పెట్రోల్ ఒడిసిందా బిడ్డా?"

ఒడిసిందన్నాను.